యాదమ్మ చెవిలోని మేడం

పోయిన వేసవిలో మా తమ్ముడు కిష్టారెడ్డిపేటలో ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశం చేశాడు. చుట్టాలందరూ వెళ్లిపోయాక నేను నాలుగు రోజులు అక్కడే ఉండిపోయాను. ఆ ఇంట్లో చివరి గది మా మేనకోడలిది. సాయంత్రం అయితే పాలు తాగి, ఆ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది. లోపల దానికొక లాప్‌టాప్, తిరిగే కుర్చీ, కిటికీకి ఆకుపచ్చ తెర. మా మరదలు వంటింట్లో గిన్నెలు కూడా చప్పుడు కాకుండా పెట్టేది. నేను తమ్ముడితో కొంచెం గట్టిగా మాట్లాడితే వేలు పెదాల మీద పెట్టుకుని, "వదినా, జెర మెల్లగ. పాపకు ఆన్‌లైన్ క్లాస్ నడుస్తున్నది" అనేది. నా వయసులో ఉన్నవాళ్లకు ఇంటి పిల్లల సౌకర్యం చూస్తే సంతోషం కలగాలి. నాకు కలిగింది అసూయ. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ఆ మూసిన తలుపు ముందు నిలబడితే, పొట్టలో ఎడమ పక్కన, చాలా ఏళ్లుగా నేను మరిచిపోయాననుకున్న చోట చురుక్కుమన్నది. ఆ చోటు నాకు బాగా తెలుసు. పదో తరగతిలో ఉన్నప్పుడు వారానికి రెండు సాయంత్రాలు అది అక్కడే మండేది. అప్పుడు నా పక్కన కూర్చున్నది యాదమ్మ.

మా ఊరు గుమ్మడిదల మండలంలో, పెద్ద రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. నాకు బుద్ధి తెలిసేనాటికే ఊరి చుట్టూ మందుల ఫ్యాక్టరీలు లేచాయి. మా ఇంట్లో తెల్లవారడం వాసనలతో మొదలయ్యేది. ముందు వాకిట్లో చల్లిన పేడనీళ్ల వాసన, తరువాత కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె కాలే వాసన, గాలి ఇటు మళ్లిందంటే ఆ రెండింటినీ తోసిపారేసి కంపెనీ వాసన. ఒకరోజు కుళ్లిన గుడ్డులా ఉండేది, ఒకరోజు గోళ్లరంగు సీసా మూత తీసినట్టు తియ్యగా, ఘాటుగా ఉండేది. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని ముక్కు ఎగబీల్చి, "ఇయ్యాల మల్ల ఇడిసిండ్రు వాళ్ల పాడుగాను" అని, లేచి వెళ్లి చల్లకుండ మీద తన పాత చీర ముక్క కప్పి వచ్చేది. ఆ వాసన చల్లలోకి దిగుతుందని ఆమె నమ్మకం. మా బావి నీళ్లు పసుపు రంగుకు తిరిగినప్పుడు ఆమెకు కంపెనీ మీద కంటే సందుకు అవతల ఉండే తన తోడికోడలి మీద ఎక్కువ కోపం వచ్చింది. ఆమె బావి నీళ్లు తిరగలేదు మరి. రోజూ పొద్దున ఆ బావి గిలక చప్పుడు వినిపించగానే మా నాయనమ్మ ముఖం మాడ్చుకునేది. అసూయ అనేది మా ఇంటికి కొత్త కాదు.

మా బాపు సగం రైతు, సగం కార్మికుడు. బావి పాడయ్యాక రెండు మడుల వరి ఒక మడికి తగ్గింది, బావిని పాడుచేసిన ఆ కంపెనీలోనే బాయిలర్ దగ్గర పనికి చేరాడు. ఊళ్లో పటేల్ అని పిలిపించుకునే మనిషి, కంపెనీ బస్సు కోసం టిఫిన్ డబ్బా పట్టుకుని రోడ్డు మీద నిలబడడం మొదట్లో ఆయనకు చాలా కష్టంగా ఉండేది. నర్సమ్మ కూడా అదే బస్సు ఎక్కేది. ఆమె అంతకు ముందు మా పొలంలో నాట్లకు, కలుపులకు వచ్చేది. పొలాల్లో పని తగ్గాక కంపెనీలో ప్యాకింగ్ దగ్గర ఊడ్చే పనికి వెళ్లింది. క్యాంటీన్‌లో ఇద్దరూ ఒకే వరసలో నిలబడి ఒకే పప్పు పోయించుకునేవారు, అయినా ఆమె ఆయనను 'పటేలా' అనే పిలిచేది. నేను మా అమ్మ కంటే పెద్దదైన ఆమెను 'నర్సమ్మా' అని పేరు పెట్టి పిలిచేదాన్ని. నాకు ఎవరూ అలా పిలవమని చెప్పలేదు, పిలవొద్దనీ చెప్పలేదు. యాదమ్మ ఆ నర్సమ్మ కూతురు. బడిలో నా తరగతే. మొదటి మార్కు నాది, రెండో మార్కు యాదమ్మది. మా ఇంట్లో దీన్ని వానాకాలం తరువాత చలికాలం వచ్చినంత సహజంగా తీసుకునేవారు.

ఒకసారి ఊరివాళ్లందరూ నీళ్ల గురించి కంపెనీ గేటు ముందు కూర్చున్నారు. మా బాపు ఎటూ తేల్చుకోలేక సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాడు. కొన్నాళ్లకు కంపెనీ వాళ్లు ఊరికి మంచినీళ్ల ట్యాంకర్ పంపడం మొదలుపెట్టారు, బడికి బెంచీలు ఇచ్చారు, ఒక గదికి సున్నం వేయించి కంప్యూటర్ పెట్టించారు. దానికి ఇంటర్నెట్ కూడా ఉందని, గుమ్మడిదల నుంచి తీగ గుంజారని అందరూ వింతగా చెప్పుకున్నారు. సంగారెడ్డి నుంచి ఒక కుర్ర సారు వచ్చేవాడు, మేము ఆయనను కంప్యూటర్ సారు అనేవాళ్లం. ఆయన తెచ్చిన వార్తే మా జీవితాలను కదిలించింది. నగరంలో ఒక సంస్థ వాళ్లు ఊరి బడుల్లో పదో తరగతి పిల్లలకు ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు, లెక్కలు చెప్పే కోర్సు పెట్టారట. చెప్పేవాళ్లు ఎక్కడెక్కడో ఉంటారట. కోర్సు అయిపోయాక బడికి ఒకరిని ఎంచి, పరీక్షలకు ముందే నగరంలో కాలేజీ హాస్టల్‌కు పిలిపించుకుని, పదో తరగతి పరీక్షలు రాయించి, అక్కడే ఇంటర్ చదివిస్తారట. మా బడిలో పరీక్ష పెట్టి ఇద్దరిని తీసుకున్నారు, నన్నూ యాదమ్మనూ.

"ఒక్కటే మిషిన్, ఒక్కటే హెడ్‌ఫోన్" అన్నాడు కంప్యూటర్ సారు మొదటి రోజు. "ముందు సౌజన్య, తర్వాత యాదమ్మ. ఒకళ్లు మాట్లాడుతుంటే ఇంకొకళ్లు చప్పుడు చెయ్యకుండ పక్కన కూసోవాలె. సమజైందా?"

ఆ గది వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. కొత్త సున్నం, వేడెక్కిన ప్లాస్టిక్, కంప్యూటర్ మీద దుమ్ము పడకుండా కప్పిన గుడ్డకు పట్టిన అగరుబత్తి వాసన. హెడ్‌మాస్టరు ప్రతి శుక్రవారం దానికి అగరుబత్తి ముట్టించేవాడు. నేను హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. కొంతసేపు గరగర చప్పుడు, ఆ తరువాత చెవి లోపల, మెదడుకు ఆనుకునే ఒక ఆడమనిషి గొంతు. "హలో సౌజన్యా, నా మాట వినిపిస్తోందా?" నన్ను అంత దగ్గరగా, అంత మెత్తగా అంతకు ముందు ఎవరూ పిలవలేదు. మా ఇంట్లో పేరు పెట్టి పిలిచారంటే ఏదో పని చెప్పడానికే. ఆమె పేరు నళిని మేడం. ఎక్కడో దూరపు నగరంలో ఉండేది. ఆమె ముఖం మాకు తెలియదు. తెర మూలన ఒక చిన్న ఫొటో ఉండేది కాని, అది పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగి, పాపిట, నుదురు, కళ్లజోడు దాకా వచ్చి ఆగిపోయేది. నేను వారం రోజులు బట్టీ పట్టిన వాక్యాలు ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాను. మై నేమ్ ఈజ్ సౌజన్య, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై విలేజ్ ఈజ్ వెరీ బ్యూటిఫుల్. "వెరీ గుడ్, సౌజన్యా" అన్నది మేడం. ఆ మాటను మింగకుండా నోట్లోనే పెట్టుకుని లేచి, హెడ్‌ఫోన్ యాదమ్మకు ఇచ్చాను.

యాదమ్మ రెండు అరచేతులూ లంగాకు తుడుచుకుని దాన్ని పెట్టుకుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత తెలుగులోనే, "యాదగిరి గుట్టకు మొక్కుకుంటే నేను పుట్టిన, మేడం, అందుకే గా పేరు" అన్నది. మళ్లీ మౌనం. ఉన్నట్టుండి యాదమ్మ నవ్వింది. చేయి అడ్డం పెట్టుకోకుండా, పళ్లన్నీ కనిపించేలా, తల వెనక్కి వేసి నవ్వింది. నాకు ఆ సంభాషణలో ఆమె సగం మాత్రమే వినిపించింది. రెండో సగం ఆమె చెవిలో ఉంది. బయటికి వచ్చాక ఆపుకోలేక అడిగాను, మేడం ఏమన్నదని. "మీ దిక్కు జ్ఞాపకాన్ని యాది అంటరు గద, అంటే నీ పేరు యాదికి అమ్మ అన్నట్టు, నిన్ను ఎవ్వరు మర్చిపోరు అన్నది" అని చెప్పి, యాదమ్మ మళ్లీ నవ్వుకుంటూ వెళ్లిపోయింది. మా మేనమామ పట్నం నుంచి ఏరి తెచ్చిన పేరు నాది. దాని గురించి మేడం ఒక్క మాట కూడా అనలేదు.

అక్కడ మొదలైంది. వారానికి రెండు సాయంత్రాలు నేను ముందు కూర్చుని నా పాఠం చెప్పించుకుని, తరువాత పక్క స్టూలు మీద కూర్చుని యాదమ్మ ముఖం చూసేదాన్ని. ఆమె కనుబొమ్మలు లేచేవి, ముడిపడేవి. "లేదు మేడం", "గట్ల కాదు మేడం", "అయ్యో, మా అమ్మకు గది తెల్వదు మేడం" అనేది. మధ్యలో ఎప్పుడో ఆ నవ్వు వచ్చేది. నవ్వు వచ్చిన ప్రతిసారీ నాకు పొట్టలో ఎడమ పక్కన చురుక్కుమనేది. ఒకరోజు ఫొటో ఆమె వంతులో పూర్తిగా దిగింది. "మేడంకు గదువ కింద పుట్టుమచ్చ ఉన్నది" అని లోపలి నుంచి కేక వేసింది. అప్పటికి నేను లేచి బయట నీళ్లు తాగుతున్నాను. పరుగెత్తి వచ్చేసరికి కరెంటు పోయింది. గడ్డం కింది ఆ పుట్టుమచ్చ నేను ఎన్నడూ చూడలేదు. తిండి మానేశానని చెప్పను, మా ఇంట్లో అది కుదిరేది కాదు. కాని రొట్టె నమలడం మరిచి నోట్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. మా నాయనమ్మ కనిపెట్టింది.

"ఏందే పిల్లా, ఎవల మీద గింత మంట?" అన్నది నా తలకు నూనె రాస్తూ.

"ఎవరి మీద లేదు."

"నాకు చెప్పకు. ఇన్నేండ్ల సంది గా గిలక సప్పుడు ఇనుకుంట బతికిన. నీ ముఖం జూస్తే నాకు తెల్వదా?" తల మీద ఇంకో రెండు చరుపులు చరిచి, "మంచిగ తిను. మండాలంటే గూడ బలం ఉండాలె" అన్నది.

నేను తిన్నాను, ఆలోచించాను, ఒకరోజు దారిలో యాదమ్మను ఆపి అడిగాను. మేడంతో అంతంతసేపు ఏం మాట్లాడుతున్నావని. యాదమ్మకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "నేనేం మాట్లాడుత? మేడమే అడుగుతది. పొద్దుగాల లేచి ఏం జేస్తవ్, మీ అమ్మ డ్యూటీల ఏం జేస్తది, గా వాసన ఎట్లుంటది అని. నేను చెప్త. దాన్నే ఇంగ్లీషుల చెప్పుమంటది" అన్నది. ఆ తరువాతి శుక్రవారం నేను బట్టీ వాక్యాలు పక్కన పెట్టి, కంపెనీ వాసన గురించి, గోళ్లరంగు సీసా పోలికతో సహా, చాలా అందంగా చెప్పాను. నవ్వు వస్తుందని చెవులు రిక్కించి కూర్చున్నాను. "అవును, యాదమ్మ కూడా చెప్పింది" అన్నది మేడం. "వెరీ గుడ్, సౌజన్యా. ఇక పాఠంలోకి వెళ్దామా?"

ఈ సంగతి ఇంటి దాకా కూడా వచ్చింది. నర్సమ్మ సంతోషం పట్టలేక క్యాంటీన్ వరసలో మా బాపుతో, "మేడం నా బిడ్డతోటి మస్తు ముచ్చట పెడ్తదంట పటేలా" అన్నదట. ఆ సాయంత్రం బాపు కాళ్లు కడుక్కుంటూనే మొదలుపెట్టాడు. "కంపెనీ వచ్చింది మన పొలాల పక్కన. ఖరాబైంది మన బాయి. ఇప్పుడు కంపెనోడిచ్చిన కంప్యూటర్ల నర్సమ్మ బిడ్డ ముందటికి పోతదా?"

"దానికి బాయి ఉంటె గద, ఖరాబయ్యేది" అన్నది నాయనమ్మ అరుగు మీద నుంచి. ఆమె ఎవరి పక్షాన ఆ మాట అన్నదో మాలో ఎవరికీ అర్థం కాలేదు.

"రేపు హెడ్‌మాస్టర్‌ను కలుస్త" అన్నాడు బాపు తువాలు భుజాన వేసుకుని. "సీటు మన పిల్లకే రావాలని గట్టిగ మాట్లాడుత. నా మాట తీసెయ్యడు."

"వద్దు బాపూ" అన్నాను.

ఇంట్లో అందరూ నా వైపు చూశారు. ఆయన ముందు నేను ఏ విషయంలోనూ వద్దన్న పిల్లను కాను. "ఎందుకు వద్దు?" అన్నాడు బాపు.

"నువ్వడిగితే హెడ్‌మాస్టర్ ఇస్తడు. మేడం ఇచ్చినట్టు గాదు."

"ఎవలిస్తే ఏంది బిడ్డా? సీటు సీటే గద."

మా అమ్మ అదేదో నా మంచితనమనుకుని నా తల నిమిరింది. అది మంచితనం కాదు. యాదమ్మ మీద జాలీ కాదు, న్యాయమూ కాదు. నాకు కాలేజీ మీద అంత ఆశ లేదు, హాస్టల్ అంటే భయం కూడా. నాకు కావలసింది మేడం నన్ను ఎంచుకోవడం. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చేదో అక్కడి నుంచి నా పేరు రావాలి. బాపు సిఫారసుతో వస్తే ఆ నవ్వు యాదమ్మ దగ్గరే ఉండిపోతుంది, నాకు ఉత్త సీటు మిగులుతుంది. నా అసూయ అంత గట్టిది కాబట్టే ఆ రోజు మా ఇంట్లో ఒక అన్యాయం జరగలేదు. నేను ఏడ్చి, అన్నం ముందు నుంచి లేచిపోతే, బాపు విసుక్కుని ఆ మాట వదిలేశాడు.

కోర్సు చివరికి వచ్చింది. మేడం ఇద్దరితోనూ చివరిసారి మాట్లాడి, ఒకరి పేరు పంపాలి. సరిగ్గా అప్పుడే రోడ్డు వెడల్పు చేసేవాళ్లు తవ్వి తవ్వి మా బడికి వచ్చే తీగ తెంపేశారు. కంప్యూటర్ సారు పరేషాన్ అయి, ఆదివారం పటాన్‌చెరులో నెట్ సెంటర్‌కు రమ్మన్నాడు. మాకు స్కూటర్ ఉంది. శనివారం సాయంత్రం నర్సమ్మ వచ్చి మా అరుగుకు దూరంగా వాకిట్లో నిలబడింది.

"పటేలా, రేపు నాకు డ్యూటీ ఉన్నది. లీవు ఇయ్యరు. బండి మీద నా బిడ్డను గూడ జెర ఎక్కించుకుంటవా?"

బాపు నా ముఖం చూశాడు. నేను నేల చూశాను. ముఖం మీద కాదని చెప్పడం ఆయనకు చేతకాదు. "పొద్దుగాల జల్దీ రమ్మను. లేటు జేస్తే ఇడిసిపెట్టి పోత" అన్నాడు. యాదమ్మకు మెలకువ రాకూడదని నేను దేవుడికి మొక్కుకున్నాను. తెల్లవారి తలుపు తీస్తే ఆమె మా గేటు పక్కన బండ మీద కూర్చుని ఉంది. నూనె పెట్టి బిగించి వేసిన రెండు జడలు, ఉతికిన యూనిఫాం.

స్కూటర్ మీద బాపు వెనుక నేను, నా వెనుక యాదమ్మ. బొల్లారం మీదుగా వెళ్తుంటే రోడ్డు నిండా ట్యాంకర్లు, డ్యూటీ దిగి వచ్చే బస్సులు. ఆమె నా భుజం మీద చేయి వేసీ వేయనట్టు ఆనించింది. నా మెడ వెనుక ఆమె ఊపిరి, ఆ ఊపిరిలో ఆమె గొణుక్కుంటున్న ఇంగ్లీషు వాక్యాలు. నేను చెవులు మూసుకోలేను, చేతులతో బాపును పట్టుకుని ఉన్నాను. పటాన్‌చెరు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం పైన ఆ నెట్ సెంటర్. ప్లైవుడ్ చెక్కలతో చేసిన గూళ్లలో ఫ్యాక్టరీ కుర్రాళ్లు కూర్చుని హిందీలో పెద్దగా మాట్లాడుకుంటున్నారు. దుకాణం అతను మా కంప్యూటర్ సారుతో, "హెడ్‌ఫోన్ ఖరాబ్ ఉన్నది అన్నా, స్పీకర్ పెట్టుకోండ్రి" అన్నాడు.

అలా, మొట్టమొదటిసారి, మేడం గొంతు అందరికీ వినిపించింది. నా చెవిలో ఉండే మెత్తదనం స్పీకర్‌లో లేదు. నా వంతు ఎప్పటిలాగే సాఫీగా జరిగిపోయింది. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాను, ప్రతి జవాబుకూ వెరీ గుడ్ వచ్చింది. బాపు వెనుక నిలబడి మీసం సవరించుకోవడం తెర మీద నీడగా కనిపించింది. తరువాత యాదమ్మ కూర్చుంది. నేను ఇన్ని నెలలుగా సగమే విన్న మాట, ఆ రోజు పూర్తిగా విన్నాను.

"బట్టీ పట్టింది నాకొద్దు యాదమ్మా. ఈ లెక్క నువ్వెలా చేశావో చెప్పు."

యాదమ్మ చెప్పింది.

"తప్పు. మళ్లీ."

యాదమ్మ మళ్లీ చెప్పింది.

"ఇంకా తప్పే. ఎక్కడ తప్పిందో నాకు తెలుసు, నీకు తెలియాలి. తొందరేమీ లేదు, నేను ఉంటాను."

పక్క గూట్లో కుర్రాళ్లు కూడా మాటలు ఆపి ఇటు చూశారు. యాదమ్మ జడల మధ్య మెడ మీద చెమట ధారగా దిగింది. కాగితం మీద గీసింది, కొట్టేసింది, పెదవి కొరుక్కుంది. స్పీకర్‌లో మేడం ఊపిరి తప్ప ఏమీ లేదు. చివరికి యాదమ్మ, "అయ్యో, గిక్కడ మైనస్ ఇడిసిపెట్టిన మేడం!" అని అరిచింది. ఒక్క క్షణం ఆగి మేడం నవ్వింది. చిన్న నవ్వు, ముక్కులోంచి వచ్చే గాలిలాంటిది. "చూశావా?" అన్నది. అంతే. యాదమ్మ తల వెనక్కి వేసి నవ్వింది. ఇన్ని నెలలూ నేను ఊహించుకున్న గుసగుసలు, ముద్దుమాటలు, ప్రత్యేకమైన ముచ్చట్లు అక్కడ ఏవీ లేవు. మేడం ఆమెను తిట్టింది, ఆపింది, తిప్పి తిప్పి అడిగింది, ఎంతసేపైనా ఉంటానన్నది. నాకు మాత్రం వెరీ గుడ్ చెప్పి పంపించేది. ఆ తిట్ల మీద కూడా నాకు అసూయ పుట్టింది. దాని ముందు, అప్పటిదాకా పడ్డది అసూయే కాదు.

తిరిగి వచ్చేటప్పుడు యాదమ్మను వాళ్ల సందు దగ్గర దింపాక బాపు ఉత్సాహంగా అన్నాడు: "గా మేడం గింత కోపం మనిషా! పాపం, గా పిల్లను ఎన్ని మాటలన్నది. నిన్నైతే ఒక్క మాట అనలే. సీటు నీకే బిడ్డా."

సీటు ఎవరికి వెళ్తుందో నాకు అప్పటికే తెలుసు.

కబురు హెడ్‌మాస్టరుకు వచ్చింది. బాపు రెండు రోజులు కంపెనీ బస్సు కాకుండా స్కూటర్ మీద డ్యూటీకి వెళ్లాడు, నర్సమ్మ ఎదురుపడకుండా. మూడో రోజు ఆమే మా ఇంటికి శనగపప్పు బెల్లం పట్టుకుని వచ్చింది. మా అమ్మ గడప దగ్గరే నిలబడితే, నాయనమ్మ లేచి చేయి చాపి తీసుకుని అక్కడే నోట్లో వేసుకుంది. "మంచిగ సదువుకొమ్మను" అన్నది నములుతూ. ఆమె నర్సమ్మ చేతిది తినడం నేను చూడడం అదే మొదటిసారి.

యాదమ్మ వెళ్లిపోయాక బడి తీగ బాగుచేశారు. పరీక్షల దాకా ఆ కంప్యూటర్, ఆ కుర్చీ, ఆ హెడ్‌ఫోన్ మొత్తం నాదే అన్నాడు కంప్యూటర్ సారు. మేడంను వేరే ఊరి పిల్లలకు ఇచ్చారు, నాకు రికార్డు చేసిన పాఠాలు పెట్టారు. ఇంతకాలం నేను కోరుకున్న ఏకాంతం అది. వారం తిరగకముందే నాకు నిద్ర రావడం మొదలైంది. పక్క స్టూలు ఖాళీగా ఉంటే నాకు చదువు ఎక్కలేదు. సంగారెడ్డిలో ఇంటర్ చేరాక నేను మొదటి రోజే తరగతంతా వెతికి, ఎవరిని చూసి మండాలో ఎంచుకున్నాను. ఆ మంటతోనే డిగ్రీ దాకా వెళ్లాను, ఆ మంటతోనే రాయడం మొదలుపెట్టాను. మా మేనకోడలికి అన్నీ ఉన్నాయి. పాఠం అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు, మేడం నచ్చకపోతే ఇంకో మేడంను పెట్టుకోవచ్చు. నేను ఒకరోజు అడిగాను, నీతో పాటు ఆ క్లాసులో ఎవరెవరున్నారని. "తెల్వదు అత్తా, మస్తుమంది ఉంటరు. పేర్లు కనపడ్తయంతే" అన్నది. దాని సుఖం చూస్తే నాకు అసూయే. కాని పక్కన ఎవరూ లేకుండా అది ఎలా చదువుతోందో నాకు అంతుపట్టలేదు.

కిష్టారెడ్డిపేట నుంచి తిరిగి వెళ్తూ నేను పటాన్‌చెరులో దిగాను. యాదమ్మ ఇప్పుడు బొల్లారంలో ఒక మందుల యూనిట్‌లో, నాణ్యత పరీక్షించే విభాగంలో పెద్ద ఉద్యోగి. పటాన్‌చెరులోనే ఇల్లు కట్టుకుంది. మేము ఏడాదికి ఒకటి రెండుసార్లు కలుస్తాం. మేడం సంగతి తనకూ తెలియదు. ఆ సంస్థ మూతబడ్డాక ఆమె ఎక్కడున్నదో ఎంత వెతికినా దొరకలేదట. యాదమ్మ డ్యూటీ దిగి వచ్చి, చాయ్ పెట్టి నా ఎదురుగా కూర్చుంది. ఎందుకో ఆ రోజు నోరు ఊరుకోలేదు.

"ఆ కంప్యూటర్ గదిలో నిన్ను చూసి నేనెంత మండిపోయేదాన్నో నీకు తెలుసా?" అన్నాను.

"తెల్వదా మరి?" అన్నది యాదమ్మ చాయ్ ఊదుకుంటూ. "పక్కన కూసుంటే వేడి తగులుతుండె."

"ముఖ్యంగా నీ నవ్వు."

ఆమె కప్పు కింద పెట్టింది. "ఒక్క ముచ్చట చెప్త, కోపం జెయ్యకు. మేడం నన్ను అంతగనం ఎప్పుడు నవ్వించింది? వారానికి ఒక్కసారి నవ్విస్తే ఎక్కువ. సగం రోజులు లైనే కట్టవుతుండె. లైన్ కట్టయినంక గూడ హెడ్‌ఫోన్ తియ్యకుండ నవ్వుకుంట కూసుంటుంటి."

"ఎందుకు?"

"నువ్వు సూస్తున్నవు గద" అన్నది యాదమ్మ. "అప్పటిదాంక నా దిక్కు పటేల్ల బిడ్డ అంత సోయితోటి, కన్నార్పకుండ ఎన్నడు సూడలే."

ఆమె లేచి రెండోసారి చాయ్ పోసింది. బయట కంపెనీ బస్సు ఒకటి ఆగి, మనుషులను దింపి వెళ్లిపోయింది. ఇంటికి వెళ్లే సంగారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను ఆ సాయంత్రాలన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ, ఏ నవ్వు మేడందో, ఏ నవ్వు నాదో విడదీయడానికి ప్రయత్నించాను. చాలా వాటిని, ఆశగా, నా వైపే వేసుకున్నాను.